పదహారేళ్ల కారు ఎంఓటీలో గట్టెక్కుతుందా?

ప్రశ్న: అన్నా, మాది ఖమ్మం జిల్లా. రెండేళ్ల క్రితం ఇంగ్లండ్ వచ్చాం, ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాం. నేను హోమ్ కేర్‌లో పనిచేస్తాను. రోజుకు ఏడెనిమిది ఇళ్లకు వెళ్లాలి, కారు లేకపోతే ఉద్యోగం లేనట్టే. పోయినేడు మనవాళ్ల దగ్గరే 2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు 1,450 పౌండ్లకు కొన్నాం. 1,08,000 మైళ్లు తిరిగింది. వచ్చే నెల 24తో ఎంఓటీ (ఇక్కడ కార్లకు ఏటా చేయించాల్సిన పరీక్ష) గడువు అయిపోతుంది. పోయినసారి పాసైంది కానీ కాగితం మీద మూడు అడ్వైజరీలు రాశారు: ముందు టైర్లు అరిగాయని, వెనక బ్రేక్ పైపు మీద కొంచెం తుప్పు ఉందని, ముందు సస్పెన్షన్ బుష్ (చక్రాల కుదుపులు తట్టుకునే చోట ఉండే రబ్బరు ముక్క) అరుగుతోందని. పదిహేనేళ్లు దాటిన బండి ఎలాగూ ఫెయిలే, ఇప్పుడే అమ్మేయమని అందరూ అంటున్నారు. మా ఆయన నెలకు 220 పౌండ్ల ఫైనాన్స్‌లో కొత్తది తీసుకుందాం అంటున్నారు. ఒకాయన 100 పౌండ్లు ఎక్కువిస్తే చూసీచూడనట్టు పాస్ చేసే గ్యారేజీ తెలుసు అన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ చివరి ముక్క సంగతి తేల్చేద్దాం. 100 పౌండ్లు ఇచ్చి పాస్ చేయించుకునే ఆలోచన ఈ రోజుతో వదిలేయండి. అది నేరం, ఆ టెస్టర్ దొరికితే అతని లైసెన్సు పోతుంది, అతని పేరు మీద జరిగిన పాత టెస్టులన్నీ తవ్వుతారు. అదంతా పక్కన పెట్టినా, మీ ఉత్తరంలో రెండో అడ్వైజరీ బ్రేక్ పైపు గురించి. కాగితం మీద పాస్ అని రాయించుకున్నంత మాత్రాన ఆ పైపు తుప్పు ఆగదు. పొద్దున్నే 6 గంటలకు చీకట్లో, వానలో, ముసలివాళ్ల ఇళ్ల మధ్య ఆ బండి నడిపేది మీరు. ఆ గ్యారేజీ సంగతి చెప్పినాయన మాట విన్నా విననట్టే ఉండండి.

ఇక అసలు భయం. పదిహేనేళ్లు దాటితే ఫెయిలే అన్న మాట మనవాళ్ల నోట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నేను పదకొండేళ్లుగా ఇక్కడ గ్యారేజీలో పనిచేస్తున్నాను, అందులో ఆరేళ్లుగా ఎంఓటీ టెస్టర్‌ని. ఈ పదిహేను అనే అంకె మనం సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా నుంచి తెచ్చుకున్నది. అక్కడ సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. లారీలు, ఆటోలు, ట్యాక్సీల లాంటి వాటికి 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, అది దాటితే ఏటా ఫిట్‌నెస్. ఢిల్లీలో అయితే 10 ఏళ్ల డీజిల్, 15 ఏళ్ల పెట్రోల్ బండ్ల మీద నిషేధం గొడవ ఏళ్ల తరబడి పేపర్లలో చదివాం. దాంతో పదిహేను అనగానే మనకు బండి ఆయుష్షు తీరిపోయినట్టే అనిపిస్తుంది. బ్రిటన్‌లో అలాంటి గీత లేదు. మీరుండే ఇంగ్లండ్‌లో కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఒకసారి టెస్ట్, అంతే. నాలుగేళ్ల బండికీ అదే, మీ పదహారేళ్ల బండికీ అదే. వయసు ఎంత అన్న గడి నా టెస్ట్ షీటులో ఎక్కడా లేదు.

అసలు ఈ పరీక్ష పుట్టిందే పాత బండ్ల కోసం. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన వాటికే, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ మాత్రమే చూసేవారు. అప్పట్లో మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ పెట్టింది కాబట్టి ఎంఓటీ. ఫెయిలయ్యేవి ఎంత ఎక్కువగా ఉన్నాయంటే మరుసటి ఏడాదే ఆ పదేళ్లను ఏడుకు దించారు, 1967లో మూడుకు తెచ్చారు. అంటే కొత్త బండ్లలో కూడా లోపాలుంటాయని వాళ్లకు తొందరగానే తెలిసొచ్చింది. ఇంకోవైపు చూడండి, 2018 నుంచి 40 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకు ఈ టెస్ట్ తప్పనిసరి కాదని మినహాయించారు. వాటిని జనం కన్నబిడ్డల్లా చూసుకుంటారు, ఎండ కాసిన ఆదివారం తప్ప బయటికి తీయరు.

అలాగని పాత బండి, కొత్త బండి ఒకటే అని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. వయసు పెరిగేకొద్దీ మొదటిసారి ఫెయిలయ్యే అవకాశం పెరుగుతుంది, అది నిజం. రబ్బరు గట్టిపడుతుంది, స్ప్రింగులు విరుగుతాయి, అన్నిటికంటే ఎక్కువగా తుప్పు పడుతుంది. ఖమ్మంలో పెరిగిన మీకు తుప్పు పెద్ద విషయంలా అనిపించకపోవచ్చు, కానీ విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్కన ఇనుప గేటు ఏమవుతుందో చూసిన వాళ్లకు అర్థమవుతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు గట్టకుండా ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీళ్లు కారు అడుగున చేరి, పదహారు చలికాలాలుగా దాన్ని తింటూనే ఉన్నాయి. పైన పెయింట్ ఎంత మెరుస్తున్నా టెస్టర్ బండిని పైకెత్తి చూసేది ఆ అడుగుభాగమే.

ఈ ఏడాది నా చేతి కింద వెళ్లిన రెండు బండ్ల గురించి చెబుతాను. ఒక పెద్దాయన 27 ఏళ్ల కారు తెచ్చారు, ఒక్క అడ్వైజరీ కూడా రాయలేకపోయాను, అంత శుభ్రంగా ఉంది. ప్రతి చలికాలం అయ్యాక అడుగుభాగం నీళ్లతో కడిగిస్తారట, ఏ చిన్న శబ్దం వచ్చినా వారంలో చూపిస్తారట. అదే మధ్యాహ్నం డెలివరీలకు తిప్పే ఐదేళ్ల కారు వచ్చింది, టైరు లోపలి అంచు గుండు కొట్టి కింద తీగలు బయటపడ్డాయి. అది డేంజరస్ కింద రాశాను, బండి బయటికి తీయడానికి వీల్లేదని చెప్పాను. ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది, తనకు అసలు తెలియదు.

కాబట్టి మీ బండి వయసు కంటే ఆ మూడు అడ్వైజరీల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. నా అనుభవంలో పాత కార్లు ఎక్కువగా ఫెయిలయ్యేది ఎక్కడో దాక్కున్న కొత్త రోగంతో కాదు, పోయినేడు కాగితం మీద రాసిచ్చినా ఎవరూ పట్టించుకోని దానితోనే. అడ్వైజరీ అంటే ఇప్పటికి ఫరవాలేదు, కానీ కనిపెట్టుకుని ఉండండి అని. ఏడాది పాటు రోజూ ఎనిమిది ఇళ్లకు తిరిగాక, పోయినేడు అరుగుతున్నాయన్న టైర్లు ఈ ఏడాది ఎలా ఉంటాయో ఊహించుకోండి.

టైర్లు మీరే చూసుకోవచ్చు. మధ్యభాగంలో ముప్పావు వంతు వెడల్పు మేర, చుట్టూతా, గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. 20 పెన్నీల నాణెం తీసుకుని గాడిలో నిలబెట్టండి, నాణెం చుట్టూ ఉండే అంచు పట్టీ బయటికి కనిపిస్తే టైరు హద్దుకొచ్చిందని అర్థం. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి పెట్టి లోపలి అంచు కూడా చూడండి, చాలామంది బయటి అంచు చూసి బాగుందనుకుంటారు. అనుమానంగా ఉంటే టెస్ట్ దాకా ఆగకుండా రెండు ముందు టైర్లూ మార్పించేయండి. బుష్, బ్రేక్ పైపు మాత్రం మీకు కనిపించవు, నమ్మకమైన మెకానిక్‌తో బండి పైకెత్తి చూపించాలి. మా దగ్గర రేట్ల ప్రకారం సుమారుగా చెప్పాలంటే చిన్న కారుకు రెండు టైర్లు 120 పౌండ్లు, బ్రేక్ పైపు 100 నుంచి 150, బుష్ కూడా దాదాపు అంతే. ఊరిని బట్టి, కారును బట్టి మారుతుంది. మూడూ చేయించాల్సి వచ్చినా 400కు కాస్త అటూ ఇటూగా అయిపోవచ్చు.

ఇప్పుడు మీ ఆయనగారి లెక్క చూద్దాం. నెలకు 220 అంటే ఏడాదికి 2,640 పౌండ్లు, అలా మూడు నాలుగేళ్లు కట్టాలి. ఒక నెల షిఫ్టులు తగ్గినా ఆ వాయిదా తగ్గదు. 1,450 పెట్టి కొన్న కారుకు 400 రిపేరా అని బాధపడొద్దు. కారు ధరతో పోల్చడం ఇక్కడ తప్పు లెక్క, దీన్ని వదిలేసి ఇంకొకటి కొనాలంటే ఎంతవుతుందో దానితో పోల్చాలి. ఇంకో 1,500 పెట్టి కొనే పాత కారులో ఏముందో మీకు తెలియదు, ఈ కారులో ఏముందో కాగితం మీద రాసి ఉంది. పైగా మీది 2009 పెట్రోల్ కాబట్టి, పొగ ఎక్కువ వదిలే బండ్ల దగ్గర చార్జీ తీసుకునే బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్‌లోకో, లండన్ యులెజ్‌లోకో వెళ్లాల్సి వచ్చినా మామూలుగా చార్జీ పడదు, 2006 తర్వాతి పెట్రోల్ కార్లు ఎక్కువ శాతం ఆ ప్రమాణం అందుకుంటాయి. అదే వయసు డీజిల్ అయ్యుంటే వేరే మాట చెప్పేవాణ్ని.

ఒక్క చోట మాత్రం నేను కూడా ఆగుతాను. సీటు బెల్టు బిగించే చోట, సస్పెన్షన్ బాడీకి అతికే చోట, వాటి చుట్టూ 30 సెంటీమీటర్ల లోపల రేకు తుప్పు పట్టి బలం పోతే అది ఫెయిల్. వెల్డింగ్ చేయించాలి. ఒక చోట చిన్న ముక్క అతికిస్తే సరిపోతుందంటే చేయించుకోండి, కానీ మెకానిక్ సుత్తితో తట్టినకొద్దీ రేకు రాలిపోతోందంటే, రెండు మూడు చోట్ల అలాగే ఉందంటే, అప్పుడు ఈ బండికి ఇక ఖర్చు పెట్టకండి. ఆ రోజు మీ ఆయన మాట వినండి. మీ కాగితం మీద బాడీ తుప్పు గురించి ఏమీ రాయలేదు కాబట్టి ఆ పరిస్థితి ఇంత తొందరగా వస్తుందని నేను అనుకోవడం లేదు.

ఈ రోజే ఒక పని చేయండి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ హిస్టరీ అని ఉంటుంది, కారు నంబరు కొడితే చాలు, డబ్బులేమీ అక్కర్లేదు. ఇంతకు ముందు ప్రతి ఏడాదీ ఏం రాశారో, ఎన్ని మైళ్లు తిరిగిందో అంతా వస్తుంది. నాలుగైదేళ్లు వరుసగా చదవండి. ఒక ఏడాది అడ్వైజరీ, మరుసటి ఏడాది అది మాయమైతే ఎవరో శ్రద్ధగా బాగుచేయించారని అర్థం. అదే అడ్వైజరీ మూడేళ్లు వరుసగా ఉంటే పాత యజమాని మీ నెత్తిన పెట్టి పోయారన్నమాట. కారు కొనేముందే చూడాల్సింది ఇది, ఇకముందు మనవాళ్ల దగ్గర కొన్నా సరే, మొహమాటపడకుండా ముందు నంబరు అడిగి చూసుకోండి.

స్లాట్ విషయంలో మీకు ఒక వెసులుబాటు ఉంది. గడువుకు ఒక నెలకు ఒక రోజు తక్కువ ముందు నుంచి టెస్ట్ చేయించుకున్నా కొత్త సర్టిఫికెట్ పాత తేదీ నుంచే లెక్కిస్తారు. అంటే మీరు ఈ నెల 25 నుంచి ఎప్పుడు వెళ్లినా, పాసైతే మళ్లీ వచ్చే ఏడాది ఆ 24 దాకా చెల్లుతుంది. చివరి వారం దాకా ఆగకండి. ముందుగా వెళ్లి ఫెయిలైనా, డేంజరస్ అని రాయనంత వరకు, పాత సర్టిఫికెట్‌కు గడువు ఉన్నంత వరకు బండి ఇంటికి తెచ్చుకోవచ్చు. అయితే ఫెయిలైంది బ్రేకో టైరో అయితే దానితోనే తిరగడం వేరే తప్పు కింద పట్టుకుంటారు, కాబట్టి నేరుగా రిపేరుకే తీసుకెళ్లండి. గడువు దాటాక మాత్రం ముందే బుక్ చేసుకున్న టెస్టుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. ఎంఓటీ లేకుండా తిరిగితే 1,000 పౌండ్ల దాకా జరిమానా, రోడ్ల మీద కెమెరాలు నంబర్ ప్లేటు చదివేస్తాయి.

ఎక్కడికెళ్లాలి అంటే, కౌన్సిల్ వాళ్ల టెస్ట్ సెంటర్ మీకు దగ్గర్లో ఉందేమో వెతకండి. చాలా ఊళ్లలో కౌన్సిళ్లు తమ బండ్ల కోసం నడిపే సెంటర్లలో బయటివాళ్లకూ టెస్ట్ చేస్తాయి, కానీ బయటివాళ్ల బండ్లకు రిపేర్లు చేయవు, కాబట్టి లేని లోపం రాయాల్సిన అవసరం వాళ్లకు ఉండదు. నేను ఈ దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో నా మొదటి కారును ఒక గ్యారేజీ ఫెయిల్ చేసి 900 పౌండ్ల చిట్టా చేతిలో పెట్టింది. ఏం చేయాలో తెలియక ఒక కౌన్సిల్ సెంటర్‌లో మళ్లీ ఫీజు కట్టి చూపిస్తే నిజంగా ఫెయిలైనవి రెండే, 160లో పనైపోయింది. ఆ కోపంతోనే నేను ఈ పని నేర్చుకున్నాను అనుకోండి. అందరూ అలా ఉంటారని కాదు, నాతో పనిచేసేవాళ్లలో నిజాయితీపరులే ఎక్కువ. ఫలితం తప్పు అనిపిస్తే 14 పనిదినాల్లో అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది, కాకపోతే అప్పటిదాకా ఆ లోపాన్ని రిపేరు చేయించకూడదు. ఇక ఫీజు కారుకు గరిష్ఠంగా 54.85 పౌండ్లు, అంతకంటే ఎక్కువ అడగడానికి లేదు, తక్కువకు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

చిన్న చిన్న వాటికి ఫెయిలవ్వడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఏటా ఎక్కువగా కనిపించే లోపాల్లో లైట్లు ఎప్పుడూ ముందుంటాయి. రెండు పౌండ్ల బల్బు. చీకటి పడ్డాక కారు గోడ ముందు పెట్టి మీ ఆయన్ని బయట నిలబెట్టి అన్నీ వేసి చూడండి: హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, మూడు బ్రేక్ లైట్లు, వెనక నంబర్ ప్లేటు మీది చిన్న దీపం. ఆ చిన్న దీపాన్ని ఎవరూ చూడరు. హారన్ కొట్టండి. వైపర్లు అద్దాన్ని శుభ్రంగా తుడవాలి, వాషర్‌లో నీళ్లుండాలి, అది ఖాళీగా ఉండి నీళ్లు రాకపోయినా ఫెయిలే. ముందు అద్దం మీద డ్రైవర్ ఎదురుగా 10 మిల్లీమీటర్లకు మించిన దెబ్బ ఉంటే కుదరదు. ఇంజిన్ స్టార్ట్ చేశాక ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ గుర్తుల దీపాలు ఆరిపోవాలి. వెలుగుతూ ఉంటే ఫెయిల్. ఎవరైనా ఆ బల్బు తీసేస్తే పోయె అని సలహా ఇస్తే వినకండి, తాళం తిప్పగానే అది ఒకసారి వెలగాలి, వెలగకపోయినా మేం పట్టుకుంటాం. అద్దం ముందు వేలాడే ఆంజనేయస్వామి బొమ్మను ఆ ఒక్క రోజుకు తీసి గ్లవ్‌బాక్స్‌లో భద్రంగా పెట్టుకోండి, చూపుకు అడ్డమొస్తోందని రాసే అవకాశం ఎందుకివ్వాలి. డిక్కీలో బియ్యం బస్తాలుంటే దించేయండి. ఇంకొకటి, సెంటర్‌కు వెళ్లేముందు పదిహేను ఇరవై నిమిషాలు బండి నడిపి ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. పాత పెట్రోల్ కార్లలో పొగ పరీక్ష చల్లటి ఇంజిన్‌తో తప్పి, వేడెక్కాక పాసవ్వడం నేను చాలాసార్లు చూశాను.

ఫలితం కాగితంలో నాలుగు మాటలు ఉంటాయి. డేంజరస్ అంటే బండి అక్కడే ఉండాలి. మేజర్ అంటే ఫెయిల్, బాగుచేయించి మళ్లీ చూపించాలి. మైనర్, అడ్వైజరీ రెండూ పాసే, కానీ మైనర్‌ను ఎక్కువ రోజులు వదలకండి. మేజర్ వచ్చి బండిని అదే సెంటర్‌లో రిపేరుకు వదిలితే 10 పనిదినాల్లోపు రీటెస్ట్ ఉచితం. బయటికి తీసుకెళ్లి మరుసటి పనిదినం ముగిసేలోపు అక్కడికే తిరిగి తెస్తే బల్బు, వైపరు, టైరు లాంటి వాటికి మళ్లీ ఫీజు ఉండదు. అందుకే సోమ, మంగళ వారాల్లో, మీకు సెలవున్న రోజు పొద్దున స్లాట్ తీసుకోండి, ఏదైనా తేడా వచ్చినా వారం మధ్యలో సర్దుకోవచ్చు, షిఫ్టులు పోవు. మీ మేనేజర్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, రెండు రోజులు దగ్గరి ఇళ్లు వేయమని అడగడంలో తప్పేం లేదు.

పాసయ్యాక కూడా ఒకటి గుర్తుంచుకోండి, ఈ టెస్టులో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎలా ఉన్నాయో చూడరు. మేం ఏదీ విప్పం కూడా. లక్ష మైళ్లు దాటిన బండికి నెలకు రెండుసార్లు ఇంజిన్ ఆయిల్, కూలెంట్ చూసుకోవడం మీ పని. బానెట్ ఎత్తి ఆయిల్ కొలపుల్ల తీసి తుడిచి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు, మీ ఆయన్ని కూడా నేర్చుకోమనండి.

ముందుగా ఈ వారంలో బండి పైకెత్తించి బ్రేక్ పైపు చూపించండి, అది ఆగే పని కాదు. 25 తర్వాత టెస్ట్. ఫెయిలైనా కంగారుపడి ఏ రిపేరుకూ వెంటనే సరే అనకండి, ఆ కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపండి, ఏ లైను ముందు చేయించాలో, ఏది ఆగొచ్చో, ఎంత అడగడం న్యాయమో ఒక్కొక్కటీ చూసి చెబుతాను.